గేజీలో ఎంతుంటే అంతే

మా విశ్రాంత ఉద్యోగుల సంఘం ఏటా ఒక సంచిక వేస్తుంది. పోయినసారి నివాళి పేజీలో, కాలం చేసిన ఇంకొకరి పేరు మీద నా ఫొటో అచ్చయింది. మా వీధివాళ్ళు ముగ్గురు పరామర్శకు వచ్చి, తలుపు నేనే తీసేసరికి తెల్లబోయారు. దిద్దుబాటు వేయమని మూడు ఉత్తరాలు రాశాను. వేయలేదు. ఈ ఏడు ఆ సంపాదకుడే ఫోన్ చేశాడు.

"అన్నా, ముప్పై దాటిన పిల్లోళ్ళ కోసం ఒక శీర్షిక పెడతాండాం. మీ ముప్పైల్లో మీరేం నేర్చుకుంటిరి, ఆరోగ్యం ఎట్ల కాపాడుకుంటిరి, దినాలు ఎట్ల గడిపితిరి, రాసియ్యండి. చదివినోళ్ళకు రోంత ఉత్సాహం పుట్టల్ల."

"ముందు నేను బతికే ఉన్నానని దిద్దుబాటు వెయ్యి."

"అది గూడా దాంట్లోనే రాసుకోండన్నా."

రాసుకున్నాను. పైన ఉన్నది అదే. ఇక ఉత్సాహం సంగతి చూద్దాం.

ముప్పైల్లో ఉన్నవాళ్ళ గురించి నాకు తెలిసిందల్లా మా అల్లుడి ద్వారానే. చేతికి ఒక పట్టీ కట్టుకుంటాడు. రాత్రి బాగా నిద్రపోయాడో లేదో పొద్దున అది చెబితే గానీ అతనికి తెలియదు. అది చెప్పేదాకా ఆవులించాలా వద్దా అని కూడా ఆలోచిస్తాడు. అడుగులు కొలుస్తాడు, గుండె దడ కొలుస్తాడు, తాగిన నీళ్ళు కొలుస్తాడు. ఎగతాళి చేస్తున్నాననుకోకండి. నేనూ నా ముప్పైల్లో కొలతల మనిషినే. వాన కొలిచేవాణ్ణి. అనంతపురం జిల్లాలో వాన కొలవడం ఎంత తీరుబడి ఉద్యోగమో వేరే చెప్పక్కరలేదు.

అప్పుడు నాకు ముప్పై ఏడు. గార్లదిన్నెలో పనిచేస్తూ, బస్సెక్కితే అరగంటలో అనంతపురంలో ఇంటికి చేరే సుఖం పోయి, కుందుర్పి వైపు ఒక మండల కార్యాలయానికి జూనియర్ అసిస్టెంటుగా బదిలీ అయింది. మండలం పేరు చెప్పను. అక్కడివాళ్ళు నా మూలంగా ఒకసారి పడింది చాలు. భార్యాపిల్లలు అనంతపురంలోనే, నేను అద్దె గదిలో. మధ్యాహ్నం సంగటి, రాత్రికి అందులో మిగిలిందే. ఆ ఏడే రక్తపోటు పట్టుకుంది. డాక్టరు మాత్రలు రాసి, "కోపం తగ్గించుకో. ఏదీ మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు.

మనసులో పెట్టుకోవద్దన్నాడు కనుక పుస్తకంలో పెట్టుకోవడం మొదలుపెట్టాను. వంద పేజీల గీతల పుస్తకం. తేదీ, అన్నదెవరు, ఏమన్నారు, ఎవరి ముందర అన్నారు. మా ఆవిడ ఒకసారి పెట్టెలో దాన్ని చూసి, "మాత్రలు నిలిపేసినా ఫర్వాలేదు, ముందు దీన్ని పొయ్యిలో పెట్టు" అంది. ఆ మాటనూ రాసుకున్నాను.

ఆఫీసులో నా చేతికొచ్చిన పనుల్లో ఒకటి రెయిన్‌గేజి. కాంపౌండు మధ్య ఖాళీ జాగాలో, నేలలో పాతిన మోకాలెత్తు డబ్బా. పైన గరాటు, లోపల సీసా. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు సీసాలో పడ్డ నీళ్ళను గీతలున్న గాజు గ్లాసులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో పుస్తకంలో ఎక్కించి, జిల్లాకు ఫోన్‌లో చెప్పాలి. అంతే పని. అయితే ఆ పుస్తకం మీదే మండలం కరువు జాబితాలోకి ఎక్కడం, ఎక్కకపోవడం ఉండేది. వరుసగా కొన్ని వారాలు వాన లేదని పుస్తకం చెప్పాలి. మధ్యలో ఒక్కరోజు రెండున్నర మిల్లీమీటర్లు దాటినట్టు రాస్తే అది వాన కురిసిన రోజు కింద లెక్క. మళ్ళీ ఒకటి నుంచి మొదలు. జాబితాలో ఉంటే పశువులకు గడ్డి వస్తుంది, మరుసటేడుకు విత్తనం వస్తుంది. లేకపోతే ఎవరి చావు వాళ్ళది.

ఆ ఏడాది విత్తు పడ్డాక వాన పుస్తకంలో వరుసగా సున్నాలే. నా సొంత పుస్తకంలో మాత్రం ఒక్కరోజూ ఎండ కాయలేదు.

దానికి కారణం మా మండలాధికారి. ముప్పై ఒక్క ఏళ్ళవాడు, కోస్తా మనిషి. మా ఊరికి వచ్చేముందు హైదరాబాదులో ఒత్తిడి తగ్గించుకునే శిక్షణ ఏదో పొందాడు. పొందినవాడు ఊరుకోక, మాకూ పంచాడు. సిబ్బంది అంతా ఏడున్నరకే వచ్చి చేతులూపాలి, ఊపిరి బిగబట్టాలి, చివర్లో గుండ్రంగా నిలబడి అయిదు నిమిషాలు బిగ్గరగా నవ్వాలి. ఆరునెలలుగా ట్యాంకరు నీళ్ళ కోసం బిందెలు వరుస పెట్టుకున్న ఆడవాళ్ళు రోడ్డు మీద నిలబడి మమ్మల్ని చూసేవాళ్ళు. వాళ్ళకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

నవ్వడానికి కింద పచ్చదనం ఉండాలన్నాడు. కాంపౌండులో గడ్డి వేయించాడు. ఆఫీసు బోరులో అంతో ఇంతో నీళ్ళుండేవి. వాటికి తుంపర పైపు ఒకటి బిగించి, పొద్దున్నే ఆరింటికి తిప్పమని అటెండరుకు చెప్పాడు. గేజీ చుట్టూ ఉన్న ముళ్ళకంచె "చూడ్డానికి బాగోలేదండీ" అని పీకించాడు. మండలం మొత్తానికి పచ్చగడ్డి ఉన్నది ఆ ఒక్క చోటే. దాన్ని తొక్కడానికి మాకు అనుమతి ఉండేది, మేయడానికి ఎవరికీ లేదు.

అటెండరు యాభై ఏళ్ళ ఆడమనిషి. మొగుడు పోతే ఆ ఉద్యోగం వచ్చింది. మూడెకరాల చెనిక్కాయ చేను, అదే వేరుశనగ, ఒక జత ఎద్దులు ఉండేవి. ఆఫీసులో నన్ను మనిషిలా చూసింది ఆమె ఒక్కతే. నేను అక్కా అనేవాణ్ణి. కత్తిరించిన గడ్డి కొనలను ఒడిలో వేసుకుని ఇంటికి తీసుకుపోతుంటే ఒకరోజు అధికారి చూశాడు. "అది ఎరువుకు పనికొస్తుందమ్మా, ఇక్కడే వేసేయండి" అన్నాడు. ఆమె ఒడి దులిపి, నా దగ్గరకొచ్చి అంది.

"చూస్తివా సారూ, ఈ గడ్డి చచ్చి ఎరువైనా అవుతుందంట గానీ నా ఎద్దుల కడుపులోకి పోకూడదంట. నేను పొద్దున్నే లేచి దీనికి నీళ్ళు పడతాండా. ఆడ నా ఎద్దులు మేత లేక ఖాళీ గాటిపాడును నాకుతాండాయి."

అధికారి ఆమెతో అన్న మాటను నా పుస్తకంలో ఆయన పేరు కిందే ఎక్కించుకున్నాను. పరుల అవమానాలకూ అందులో చోటిచ్చేవాణ్ణి.

ఇక నా అవమానం. నిజం చెబుతాను. నేను అప్పటికి చాలా రోజులుగా గేజీ దగ్గరకే పోవడం లేదు. కుర్చీలోంచి కిటికీ వైపు చూసి సున్నా రాసేవాణ్ణి. ఆకాశం ఇస్త్రీ చేసినట్టుంటే వంగి చూసేదేముంది? నాకు ముందున్నవాడూ అంతే, వాడికి ముందున్నవాడూ అంతే. ఒకరోజు నవ్వుల వ్యాయామానికి ముందు, అందరూ గుండ్రంగా నిలబడ్డాక, అధికారి నన్ను అడిగాడు.

"ఏమండీ, నిన్నటి కొలత రాశారా?"

"రాసినా సార్. సున్నా."

"గేజీ తెరిచారా?"

ఆయన గరాటు ఎత్తి, లోపలి సీసా తీసి చూపించాడు. అందులో సాలెగూడు. అంతటితో ఆగక, సాలీడు గుడ్లు కూడా పెట్టింది.

"ఆకాశం చూసి రాయడానికి గుమాస్తా ఎందుకండీ? కాకి చాలు" అన్నాడు. వెంటనే చేతులు తట్టి, "ఊఁ, నవ్వండి" అన్నాడు.

పన్నెండు మంది నవ్వారు. వ్యాయామం కోసం నవ్వారా, నన్ను చూసి నవ్వారా? ఇన్నేళ్ళయినా తేలలేదు. తేలనప్పుడు నేను ఎప్పుడూ రెండో దానికిందే వేసుకుంటాను. నాకింకా మంట పుట్టించింది ఏమిటంటే, నేనూ నవ్వాల్సి రావడం.

ఆ మధ్యాహ్నమే మెమో వచ్చింది. "ఇకమీదట గేజీలో ఎంత ఉంటే అంతే నమోదు చేయవలెను. సొంత ఊహ ఎంతమాత్రం పనికిరాదు." సంతకం పెట్టి తీసుకున్నాను. మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

మరుసటి వారం గేజీ చుట్టూ గడ్డి పండుబారిందని ఆయన తుంపర పైపును దాని పక్కకు జరిపించాడు. ఆ మర్నాడు ఎనిమిదిన్నరకు నేను నియమంగా వంగి, గరాటు ఎత్తి, సీసా తీశాను. నీళ్ళు! గ్లాసులో పోస్తే నాలుగు మిల్లీమీటర్ల మీద రెండు గీతలు. పైన ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు.

అటెండరమ్మ పైపు చుడుతూ ఉంది. "పారబొయ్యి సారూ. నేను తిప్పిన నీళ్ళే అవి. సున్నా రాయి" అంది.

"ఎట్ల రాస్తానక్కా? గేజీలో ఎంతుంటే అంతే రాయల్లని మెమో ఉండాది."

"మెమో గాలికి పోనీ. చెనిక్కాయ ఊడ దిగి కాయ పట్టేనాటికి చినుకు లేదు. ఇరవై దినాలాయె. ఈ సున్నాల మీదనే మన కరువు నిలబడి ఉండాది. దాన్ని గూడా పడగొడతావా?"

ఆమె చెప్పింది పొల్లు పోకుండా అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకునే వీలు నాకు లేదు. అయితే నా లెక్క వేరు. చుట్టూ అన్ని మండలాల్లో సున్నా, మా ఒక్కచోట నాలుగు. జిల్లావాళ్ళు వెంటనే ఇదేమిటని అడుగుతారు. అధికారి నీళ్ళు నమలాలి. కరువు మండలంలో గడ్డికి నీళ్ళు పెడుతున్న బాగోతం బయటపడాలి. అప్పుడు నేను జేబులోంచి మెమో తీయాలి. ఆ క్షణాన్ని నేను సంగటి తింటూ, బస్సులో కూర్చుని, తల దువ్వుకుంటూ ఎన్నిసార్లు ఊహించుకున్నానో! సొంత ఊహ పనికిరాదని అందుకే అన్నాడేమో.

4.2 రాశాను. ఫోన్ చేశాను.

"వానా! బాగుందప్పా" అన్నాడు అవతలివాడు. పెట్టేశాడు.

ఎవరూ అడగలేదు. మా దేశంలో వాన లేదంటే సాక్ష్యం అడుగుతారు, పడిందంటే ఎవరూ అడగరు. అడిగేదాకా చూద్దామని వారంలో ఇంకో రెండుసార్లు అలాగే రాశాను. ఒకసారి ఆరు. ఒకసారి అయిదున్నర. రాస్తున్నప్పుడు ఆ అంకెలు ఎంత గుండ్రంగా, అందంగా పడేవో! అధికారి పుస్తకం చూసి సంతకం పెట్టాడు. చూశాడో లేదో, సంతకం మాత్రం పెట్టాడు. నా రక్తపోటు ఆ నెలలో బాగా దిగింది. డాక్టరు మెచ్చుకున్నాడు.

జాబితా వచ్చింది. చుట్టూ ఉన్న మండలాలన్నీ ఉన్నాయి. మాది లేదు.

ఆ రోజు ఆఫీసు ముందు జనం. "యాడ పడిందప్పా వాన? మా చేన్లో పడకుండా నీ ఆఫీసులో పడిందా?" అని ఒక రైతు అడిగాడు. అతనికి తెలియదు, అక్షరాలా జరిగింది అదేనని. అధికారి గదిలోంచి బయటికొచ్చి, ఆందోళన పడితే ఆరోగ్యం పాడవుతుందని చెప్పాడు.

జనం పోయాక అటెండరమ్మ నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది.

"పోయి చెప్పు సారూ. పైపు నీళ్ళని చెప్పు."

"ఆయన్ని అడగమను. రాతపూర్వకంగా అడిగితే రాతపూర్వకంగా చెప్తా."

"ఆయప్ప ఎందుకు అడుగుతాడు? ఆయప్పకు ఏమన్నా ఎద్దులుండాయా?"

"మెమో ఇచ్చినోడు ఆయప్ప. నేను కాదు."

ఆయన అడుగుతాడని పదకొండు రోజులు ఎదురుచూశాను. అంత మర్యాదగా, అంత ఓపికగా నేను జీవితంలో దేనికోసమూ ఎదురుచూడలేదు.

పన్నెండో రోజున జిల్లా నుంచి ఒక పెద్ద అధికారిణి వస్తున్నారని కబురు. రైతుల అర్జీలు అక్కడిదాకా పోయాయి. ఆ పొద్దున నేను గేజీ దగ్గరకు పోయేసరికి చుట్టూ నాలుగు కర్రలు పాతి ఉన్నాయి. కర్రలకు తాళ్ళు కట్టి ఉన్నాయి. వాడి వాడి నున్నబడిన, మెడల జిడ్డు పట్టిన పాత పలుపులు. అటెండరమ్మ ఆఖరి ముడి బిగిస్తోంది.

మా వైపు పశువును అమ్మితే పలుపు ఇవ్వరు. కొన్నవాడు తన తాడు తెచ్చుకోవాలి. పలుపు ఇంట్లో ఉంటే, దానికి కట్టేది మళ్ళీ వస్తుందని ఒక ఆశ. ఆ తాళ్ళు చూడగానే నాకు తెలిసిపోయింది. అయినా అడిగాను.

"అక్కా, ఎద్దులు?"

"మొన్న సంతలో ఇస్తి. ఎవురు కొనిరో, యాడికి తోలుకపాయిరో అడగొద్దు. నేను గూడా అడగలా." ముడి లాగి చూసుకుంది. "కంచె పీకిరి గదా, పైపు దగ్గరికి రాకుండా ఉండల్ల అని కడతాండా. నాకిక వీటితో ఏం పని?"

నేను మెమో గురించి ఏదో అనబోయాను. ఆమె తల తిప్పింది.

"నీ కోపానికి నా ఎద్దులు మేతైనాయి సారూ."

అరవలేదు. ఏడవలేదు. ఈ రోజు ట్యాంకరు రాలేదు అన్నట్టు చెప్పి, చీపురు తీసుకుని వరండాలోకి పోయింది.

జిల్లా మేడం పదింటికి వచ్చారు. వాన పుస్తకం తెప్పించుకున్నారు. "చుట్టూ లేని వాన మీకెక్కడిది?" అన్నారు. ఇరవై రోజుల క్రితం అడగాల్సిన ప్రశ్న.

"స్థానికంగా జల్లులు పడ్డాయి మేడం. కొలతలు మా జూనియర్ అసిస్టెంటువి" అన్నాడు మా అధికారి. నా వైపు వంగి మెల్లగా, "పొరపాటున రాశానని చెప్పండి. నేను చూసుకుంటాను" అన్నాడు.

ఆయన నాకు చేసిన ఒకే ఒక్క మేలు అది. దాన్నీ అవమానం కిందే రాసుకున్నాను.

"పొరపాటంటే?" అన్నారు మేడం. "నాలుగు బదులు మూడా? రెండా? ఆ రోజుల్లో ఒక్క చుక్క పడలేదని ఖచ్చితంగా చెప్పే మనిషి ఉంటేనే నేను పైకి రాయగలను. పొరపాటు అనే మాట మీద జాబితా మారదు."

జేబులో మెమో ఉంది. నెల రోజులుగా నేను ఊహించుకున్న క్షణం కళ్ళముందే ఉంది. తీశాను. బల్ల మీద పెట్టాను. అయితే ఊహల్లో నేను చెప్పిన మాటలు ఒక్కటీ పనికి రాలేదు. ఆ కాగితం చూపిస్తే అధికారి తప్పు తేలుతుంది, అంతే. వాన పడలేదని అది చెప్పదు. ఆ మాట నేనే చెప్పాలి.

"చుక్క పడలేదు మేడం. మూడు దినాలూ పడలేదు. అది గడ్డికి తిప్పిన తుంపర పైపు నీళ్ళు. నాకు తెలుసు. తెలిసే రాసినా."

"తెలిసి ఎందుకు రాశారు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర వంద పేజీల జవాబు ఉంది. నోటికి మాత్రం రెండు ముక్కలే వచ్చాయి. "కోపంతో మేడం."

"అదే రాసి సంతకం పెట్టండి" అన్నారు.

రాశాను. అధికారి మొహం చూద్దామని కూడా తోచలేదు. తర్వాత ఎంత బాధపడ్డానో, ఆ మొహం చూడలేకపోయినందుకు.

రెండో జాబితాలో మా మండలం ఎక్కింది. నాకు ఇంక్రిమెంటు ఆగింది, సర్వీసు పుస్తకంలో మందలింపు ఎక్కింది. మా అధికారిని మందలించారో లేదో తెలియదు. ఆ మరుసటేడు ప్రమోషన్ మీద పోయాడు. ఇప్పుడు రిటైరయ్యి, మా సంఘం ఫోను గుంపులో రోజూ పొద్దున ఒక పువ్వు బొమ్మ మీద 'క్షమించడమే ఆరోగ్యం' అని పంపుతుంటాడు. నేను చూస్తాను. చూసినట్టు ఆయనకు తెలిసేలా చూస్తాను. జవాబివ్వను.

లారీల్లో గడ్డి వచ్చిన రోజున అటెండరమ్మ వంతు కట్ట కూడా వచ్చింది. పక్కింటి ఆవుకు వేసింది.

నన్ను ఆ మండలంలోనే ఇంకో నాలుగేళ్ళు ఉంచారు. రోజూ ఎనిమిదిన్నరకు పలుపు ముడి విప్పి లోపలికి పోయి, గరాటు ఎత్తి, సీసా తీసి చూసి, మళ్ళీ ముడి వేసి వచ్చేవాణ్ణి. వరండాలో నిలబడి ఆమె రోజూ ఒకే మాట అడిగేది.

"వంగి చూసినావా సారూ?"

"చూసినానక్కా."

నాలుగేళ్ళలో ఆమె నాతో మాట్లాడింది అదొక్కటే. దాన్ని పుస్తకంలో రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. అన్నదెవరో తెలుసు, ఎవరి ముందర అన్నదో తెలుసు. అవమానించింది ఎవరు, అవమానపడింది ఎవరు అన్న చోటే కలం ఆగిపోయింది. ఆ పేజీ తర్వాత పుస్తకం ఖాళీ. మిగతావన్నీ ఇప్పుడు గోడలకూ మనుషులకూ చెబుతుంటాను, ఇలా అడిగితే తప్ప కాగితం మీద పెట్టను.

సంపాదకుడు ఆరోగ్యం ఎట్లా కాపాడుకున్నారని అడిగాడు కదా. కాపాడుకోలేదు. మాత్ర వేసుకుంటున్నాను. దినాలు ఎట్లా గడిపారన్నాడు. కోపంగా. ఏం నేర్చుకున్నారన్నాడు. మా మిద్దె మీద ఒక పాత గరాటు, కింద ఒక సీసా పెట్టుకున్నాను. నన్నెవరూ అడగరు, నేనెవరికీ ఫోన్ చేయక్కరలేదు. ఈ పొద్దున ఆకాశం ఇస్త్రీ చేసినట్టుంది. మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కాను.

సున్నా. వంగి చూసే రాస్తున్నాను.